అప్పన్న కేసెట్టులో గద్దర్

మా ఇంట్లో గద్దర్ కంటే ముందు అప్పన్న ఉండేవాడు. సింహాచలం అప్పన్న భక్తిగీతాల కేసెట్టు. అట్ట మీద స్వామి బొమ్మ, పసుపు అక్షరాలు. కొన్న కేసెట్టుకి పై అంచున రెండు చిన్న గళ్లుంటాయి. దాని మీద ఇంకోటి రికార్డు కాకుండా కంపెనీవాళ్లు ఆ గళ్ల పెంకు ముందే విరిచి పంపుతారు. ఆ గళ్లల్లో కాగితం ఉండ చేసి కుక్కితే మళ్లీ రికార్డవుతుంది. మా అయ్య ఆ పని చేశాడు. లోపల గద్దర్ని పెట్టి, పైన అప్పన్నని అలాగే ఉంచాడు.

అది 1988. నేను పుట్టిన ఏడాది. గద్దర్ అప్పటికి మూడేళ్లుగా ఎవరికీ కనబడటం లేదు.

మా అయ్య ఎస్.కోట దగ్గర పల్లె నుంచి వొచ్చి గోపాలపట్నంలో పడ్డాడు. పల్లెలో మా వాడ ఊరికి దూరంగా, చెరువు గట్టుకి దిగువన. ఇక్కడ రైలు గేటు అవతల ఒక రేకుల గది. నలుగురు కూలీలు కలిసి ఉండేవారు. ఒకడు రైల్వే యార్డులో, ఇద్దరు ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో కాంట్రాక్టరు కింద, మా అయ్య ఎక్కడ పని దొరికితే అక్కడ. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఆ ఫ్యాక్టరీ సగం లేచి ఉన్న రోజులవి. టేపురికార్డరు నలుగురిదీ. మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని వొచ్చేసరికి మిగతా ముగ్గురూ వేరే గదికి మారారు, టేపురికార్డరు మాకు వొదిలీసి. కేసెట్టు నకలు తీసిచ్చింది ఆ యార్డు కూలీయే. అతని దగ్గరున్నదీ నకలే. నకలుకి నకలు తీసినప్పుడల్లా ముందు చచ్చిపోయేది సన్నటి శబ్దాలు. గజ్జెలు పోతాయి. డప్పు మీద సిర్ర పడిన చురుకు పోయి 'దబ్' మనే మోత మిగులుతుంది. అడుగున బుస్సుమని ఒక హోరు. మేం విన్న గద్దర్ అలాంటివాడు. వానలో గోడ అవతల నుంచి ఎవరో పిలుస్తున్నట్టుండేవాడు.

ఆ కేసెట్టు దొరికితే ఏమవుద్దో వాడలో ఎవరికీ కచ్చితంగా తెలీదు. ఆ తెలీకపోవడమే పెద్ద భయం. అందుకే అప్పన్న అట్ట. అందుకే రాత్రి పూట, చిన్న సౌండు. యార్డులో బండ్లు షంటింగ్ చేసేటప్పుడు మాత్రం అయ్య కొంచెం పెంచేవాడు.

కార్యకర్తలకీ విద్యార్థులకీ గద్దర్ జీవితం కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, ఈ వ్యాసం దేని మీద నడుస్తోందో తెలియాలి కాబట్టి నాలుగు ముక్కలు. గుమ్మడి విఠల్‌రావు, మెదక్ జిల్లా తూప్రాన్. దళిత కుటుంబం. బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ నుంచి 1972లో జననాట్యమండలి వొచ్చింది. కెనరా బ్యాంకులో గుమస్తా ఉద్యోగం చేసి 1984లో వొదిలేశాడు. 1985 జూలై 17న కారంచేడు జరిగింది. గద్దర్ దాని మీద గొంతెత్తాడు, ఇంటి మీద పోలీసులు పడ్డారు, ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990 ఫిబ్రవరి 18న బయటికొచ్చాడు. మధ్యలో దాదాపు ఐదేళ్లు మనిషి లేడు, గొంతు ఉంది. ఆ గొంతు ఉన్న చోటు కేసెట్టు.

ఆయన పేరులోనే ప్రవాసం ఉందని నాకు ఎమ్మే చదివేటప్పుడు గానీ తెలీలేదు. గదర్ పార్టీ 1913లో అమెరికా పడమటి తీరాన పుట్టింది. కలప మిల్లుల్లో, పొలాల్లో కూలికెళ్లిన పంజాబీలు ఎక్కువ మంది. మన దర్శి చెంచయ్య కూడా ఆ పార్టీలో పనిచేశాడు. వాళ్ల పత్రికలో పద్యాలకీ పాటలకీ పెద్ద పీట. చదువురాని కూలీకి పత్రిక చేరాలంటే పాట కావాలి. ఇంటికి రాలేని మనుషులు ఇంటికి పంపిన పాటలవి. ఆ పార్టీ పేరు పెట్టుకున్నవాడికి కూడా చివరికి అదే గతి పట్టింది. కాకపోతే ఆయన సముద్రం దాటలేదు.

ఈ దాటకపోవడం గురించే నేను ఎక్కువ ఆలోచించాను. దేశం నుంచి తరిమితే పాటగాళ్లు ఏం చేశారో చూద్దాం. బ్రెజిల్లో సైనిక ప్రభుత్వం 1968 డిసెంబరులో కైటానో వెలోసోని, జిల్బెర్టో జిల్‌నీ అరెస్టు చేసింది, 1969లో దేశం వొదిలిపొమ్మంది. ఇద్దరూ లండన్ చేరారు. వెలోసో అక్కడ స్టూడియోలో రికార్డు చేసిన ఆల్బమ్ 1971లో వొచ్చింది, చాలామట్టుకు ఇంగ్లీషులో. చివర్న మాత్రం తన భాషలో ఒక పాత పాట ఎత్తుకుంటాడు. కరువొచ్చి ఊరు వొదిలిపోయే రైతు పాట, లూయిజ్ గొంజాగాది. నేను దాన్ని ఫోన్లో విన్నాను. భాష ముక్క తెలీదు. అయినా పలాస నుంచీ పార్వతీపురం నుంచీ మూటలు నెత్తిన పెట్టుకుని రైలెక్కే జనం కళ్ల ముందు తిరిగారు. చిలీలో 1973 సెప్టెంబరు 11న తిరుగుబాటు జరిగినప్పుడు ఇంతి ఇలిమాని బృందం ఇటలీలో ఉంది. ఇంటిదారి మూసుకుపోయింది. ఆ ఏడాదే అక్కడ రికార్డు వేశారు, పదిహేనేళ్లు అక్కడే ఉండిపోయారు. అదే చిలీలో విక్టర్ హారాని చంపేశారు, భార్య జోన్ ఆయన టేపుల్ని దేశం దాటించింది. అక్కడ పాటగాడు మిగల్లేదు, టేపు ప్రవాసం వెళ్లింది. దక్షిణాఫ్రికా మిరియం మకేబా 1960లో తల్లి చనిపోతే ఇంటికి రాబోతే పాస్‌పోర్టు చెల్లదన్నారు.

వీళ్లందరి కష్టం కష్టమే. తక్కువ చెయ్యను. అయితే వాళ్లకి ఒక అవతలి ఒడ్డు దొరికింది. స్టూడియో, కంపెనీ, అట్ట మీద పేరు, చప్పట్లు కొట్టే పరాయి జనం. గద్దర్‌కి అవతలి ఒడ్డు లేదు. సొంత దేశంలోనే లేకుండా పోవాలి. నాకు ఇది కొత్తగా అనిపించదు. మా వాడకి 'వెలివాడ' అని పేరు. ఊరు దాటకుండానే ఊరికి బయట ఉండటం మాకు తాతల నాటి నుంచీ తెలుసు. మన తెలుగులో 'ప్రవాసం' అనే మాట విమానం ఎక్కినవాళ్లకి పోయింది, మనకి మిగిలింది 'వెలి'. గద్దర్ ఐదేళ్లున్నది అందులోనే. కొత్త వెలి ఆయనకి పుట్టుకతో వొచ్చిన వెలి మీద వొచ్చి పడింది.

ఇక కేసెట్టు దగ్గరికొస్తాను. విమర్శకులు గద్దర్ గురించి రాసినప్పుడు ఎక్కువగా ఆయన ఒంటి గురించి రాశారు. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాలి గజ్జె, పాట మధ్యలో ఆపి మాట్లాడటం, మాట మధ్యలోంచి మళ్లీ పాటలోకి దూకటం, ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగోతం నుంచి తెచ్చుకున్న నడకలు. అదంతా నిజమే. కానీ నేను గద్దర్ని చూసింది చాలా ఏళ్ల తర్వాత. 'మా భూమి' సినిమాలో, అదీ డిగ్రీ చదివేటప్పుడు, హాస్టల్లో ఎవరో సీడీ తెస్తే. అంతవరకూ నాకు ఆయన ఒట్టి గొంతు. మా అయ్యకీ అంతే. గద్దర్ మా అయ్య ఊహలో నల్లగా, లావుగా, మీసాలతో ఉండేవాడట. సినిమాలో బక్క మనిషిని చూపిస్తే "ఈడేటి? ఇంత గొంతు ఇంతోడిదా?" అన్నాడు.

కాబట్టి నా విమర్శ చెవి విమర్శ. చెవికి దొరికినవి చెప్తాను.

మొదటిది, మా కేసెట్టులో జనం లేరు. బయట పాడితే జనం వంత పాడతారు, ఈల వేస్తారు, ఎవరో అరుస్తారు. ఇక్కడ ఒక చిన్న బృందం, ఒక డప్పు, ఒక గది. గోడల మధ్య పాడుతున్నారని చెవికి తెలిసిపోతుంది. గద్దర్ మాత్రం ఎదురుగా వెయ్యి మంది ఉన్నట్టే పాడతాడు. ప్రశ్న అడిగి ఆగుతాడు. ఆ ఆగిన చోట జవాబు రాదు. బుస్సుమనే హోరు ఒక్కటే. చిన్నప్పుడు ఆ ఖాళీ నాకు భయంగా ఉండేది. మా అయ్య ఆ ఖాళీలో "ఆఁ" అనేవాడు. బుర్రకథలో పక్కనోడు తందాన అన్నట్టు. కొన్నాళ్లకి నేనూ "ఆఁ" అనటం మొదలెట్టాను. చేతికి పనిలేనప్పుడు మా అమ్మా అనేది. తర్వాత ఎప్పుడో నాకు అర్థమైంది. ఆ ఆగటం పొరపాటున జరిగింది కాదు. దాక్కున్నవాడికి ఎదురుగా జనం ఉండరు, అందుకని జనం కోసం చోటు వొదిలి పాడాడు. మంచి స్టూడియో వాళ్లయితే ఆ ఖాళీల్ని వాయిద్యాలతో పూడ్చేసేవారు. కైటానో లండన్ ఆల్బమ్‌లో అలాంటి ఖాళీ నాకు వినబడదు. అది ఒంటరి మనిషి తనలో తాను పాడుకున్నది, చాలా గొప్పగా పాడుకున్నది, కానీ నన్ను "ఆఁ" అనమనదు.

రెండోది. మా కేసెట్టులో మొదటి వైపు ఒక పాట సగంలో తెగిపోతుంది. టేపు అయిపోయి 'టక్' మంటుంది. చరణం మధ్యలో. మా అయ్య ఆ టక్ తర్వాత మిగిలిన పాట తనే పాడేవాడు. ఎక్కడో విన్నాడనుకున్నాను. నాలుగైదేళ్ల క్రితం యూట్యూబ్‌లో ఆ పాట మొత్తం దొరికింది. విని ఆశ్చర్యపోయాను. చివరి చరణాలు వేరు. మా అయ్య పాడేది అందులో లేనే లేదు. అడిగితే, "నాకేటి తెలుసు, ఆడు ఆపీసినాడు, నాను కట్టీసినాను" అన్నాడు. ఆ చరణంలో రైలు గేటు ఉంది, ఇనపముక్కు బూట్లు లేకుండా ఇనుము మోసిన కాళ్లున్నాయి, ఎస్.కోట చెరువుగట్టు ఉంది. గద్దర్ తెలంగాణ మాటల పాటకి మా ఉత్తరాంధ్ర తోక. అతుకు తెలుస్తుంది. యాస మారిపోతుంది. అయినా ముప్పయ్యేళ్లు నేను దాన్ని గద్దర్ పాటే అనుకున్నాను. మా అయ్యని కవి అని ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. నేను తెలుగు సార్ని. పదో తరగతి పిల్లలకి ఛందస్సు చెప్పి మార్కులు వేస్తాను. ఆయన చరణాన్ని కాగితం మీద రాసుకోవాలని నాకు ఇన్నాళ్లూ తోచలేదు.

యాస సంగతి వొచ్చింది గనక ఒక మాట. మాకు సొంత పాటగాళ్లు లేక గద్దర్ని తెచ్చుకోలేదు. జముకుల కథని ఆయుధం చేసిన సుబ్బారావు పాణిగ్రాహిని 1969 డిసెంబరులో చంపేశారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి వంగపండు ప్రసాదరావు ఇక్కడే విశాఖ షిప్‌యార్డులో పనిచేశాడు. యంత్రం పక్కన నిలబడి యంత్రం మీద పాట కట్టినవాడు. ఆయన మాట మా మాట, ఆయన నడక మా నడక. 2020 ఆగస్టులో పోయాడు. మా అయ్యని ఎన్నోసార్లు అడిగాను, మనోడు వంగపండు ఉండగా ఈ తెలంగాణోడి కేసెట్టు ఎందుకు దాచుకున్నావని. "మనోడు ఊర్లో ఉన్నాడు కదేటి. ఎప్పుడైనా ఇనొచ్చు. ఈడు నేడు గదా" అన్నాడు. ఈ మాటని నేను చాలా పుస్తకాలతో పోల్చి చూశాను. ప్రవాస సంగీతం మీద ఇంతకంటే సూటి వాక్యం నాకు దొరకలేదు. లేనివాడి గొంతుకి ఒక అదనపు బలం వొస్తుంది. అయితే అందులో అన్యాయం కూడా ఉంది. పక్కనే ఉండి, రోజూ డ్యూటీకి పోయి వొచ్చి పాట కట్టినవాడిని తర్వాత విందాంలే అని పక్కన పెడతాం.

ఇప్పుడు నాకు నచ్చనిది చెప్పాలి. గద్దర్ని దేవుణ్ణి చేసేవాళ్లకి కోపం వొస్తుందేమో, రానీండి.

ఆ కేసెట్టులో గద్దర్ అందరి గొంతుతోనూ పాడాడు. కొడుకు పోయిన తల్లి గొంతు, కూలీ గొంతు, రిక్షావోడి గొంతు. ఒక్క తన గొంతు లేదు. ఇల్లు వొదిలి తిరుగుతున్న మనిషి, పెళ్లాం పిల్లల్ని చూడని మనిషి, రాత్రి ఎక్కడ పడుకున్నాడో తెలియని మనిషి. ఆ మనిషి పాట లేదు. వెలోసో పరాయి వీధుల్లో తన దిగులంతా పాడుకున్నాడు, మకేబా తన తల్లిని తలుచుకుంది. గద్దర్ ఎందుకు పాడలేదు? జాడ తెలియకూడదు, అది మొదటి కారణం, ఒప్పుకుంటాను. కానీ జాడ ఒక్కటే కారణం కాదని నా అనుమానం. ఆ రోజుల విప్లవ పాటలో 'నేను' అంటే తప్పు. 'మనం' అనాలి. 'నేను' అన్నది మధ్యతరగతి రోగం. నిజానికి ఆ 'నేను' ఎవరికి రోగం? తరతరాలుగా 'నేను' అని రాసుకున్నవాళ్లకి అది వొదులుకోదగ్గ విలాసం. అంబేడ్కర్ అభిమాని అయిన తాపీమేస్త్రి కొడుకు, మొదటిసారి చదువుకున్నవాడు, 'నేను' అని నోరు తెరవకముందే వొదిలెయ్యమన్నారు. ఇప్పుడు ఈ పుస్తకంలో మనమందరం 'నేను' అని మొదలెట్టి రాస్తున్నాం. ఎవరి పర్మిషనూ అడగటం లేదు. గద్దర్ తరానికి ఆ వెసులుబాటు లేదు.

కారంచేడు పాట దగ్గర ఈ సంగతి తేటగా వినబడుతుంది. ఆ పాట మా కేసెట్టులో ఉంది, 1985 జూలై తర్వాతిదని అందుకే చెప్పగలను. అక్కడ మొదటిసారి కులం పేరెత్తి మాట్లాడతాడు. గొంతు మారుతుంది. మిగతా పాటల్లో డప్పు ముందు నడుస్తుంది, గొంతు వెంటబడుతుంది. ఈ పాటలో గొంతు డప్పుని తోసుకుపోతుంది. మాదిగల మీద పడిన దెబ్బని ఒక మాల ఇంటి పిల్లాడిగా విన్న నాకు, ఆ పాట మా రెండు వాడల మధ్య గోడని ఎంత కొట్టిందో చెప్పలేను గానీ కొంత కొట్టింది. ఆ పాట అయిపోగానే మళ్లీ రైతు, కూలీ, వర్గం. తలుపు తెరిచి మూసినట్టు. బయట ఆ ఏడాదే చీరాలలో దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం మాట్లాడుతున్నారు. లోపల కె.జి.సత్యమూర్తి, మన శివసాగర్, కులం ప్రశ్న అడిగి పార్టీకి దూరమయ్యాడు. శివసాగర్‌ది కూడా ప్రవాసమే. రాజ్యం నుంచి దాక్కుంటే వీరుడంటారు, పార్టీ నుంచి వెలి అయితే ఏమంటారు? గద్దర్ తర్వాత రోజుల్లో అంబేడ్కర్ని బాహాటంగా పాడాడు, బుద్ధుణ్ణి తలుచుకున్నాడు. అది అజ్ఞాతంలోనే జరిగి ఉంటే, ఆ నకళ్ల నకళ్లలో ఆ మాట వాడ వాడకీ చేరి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ ఉంటుంది.

మా అమ్మ ఇంకా ముందుకెళ్లింది. ఆమెకి చదువు రాదు. తల్లి పాటలొచ్చినప్పుడు ఏడ్చేది. వాడలో ఆడవాళ్లందరూ ఏడ్చేవారు. ఒకరోజు చేటలో బియ్యం ఏరుతూ, ఏడుపు ఆపుకోకుండానే అంది: "బాగానే పాడినాడు. తల్లి ఏడుపు ఈడికెలా తెలిసిందో! మరి ఈడి పెళ్లాం ఎక్కడుందిరా? ఆవిడ పాడిన కేసెట్టు నేదా?" మా అయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. విమల గారు ఆ ఐదేళ్లు పిల్లల్ని పెట్టుకుని నెట్టుకొచ్చారు. ఆ ఐదేళ్ల పాట ఏ టేపు మీదా లేదు. మగవాడు అడవికి పోతే అజ్ఞాతం, ఇంట్లో మిగిలిన ఆడమనిషిది ఏమిటి? ఆమె ఉన్న ఇంటి చుట్టూ కూడా కాపలా ఉంటుంది. మా అమ్మ విమర్శ తర్వాత నేను తల్లి పాటల్ని మునపటిలా వినలేకపోయాను. ఇప్పటికీ కదిలిస్తాయి. కానీ మగ గొంతు ఆడదాని దుఃఖాన్ని అంత నిండుగా పాడేసినప్పుడు, ఆమె పాడటానికి ఏం మిగులుతుంది అని ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది.

1990 ఫిబ్రవరి 11న మండేలా జైలు నుంచి బయటికొచ్చాడు. వారానికి, 18న, గద్దర్. రెండు రోజుల తర్వాత నిజాం కాలేజీ మైదానంలో లక్షకు పైగా జనం. అదే ఏడాది మకేబా కూడా ఇంటికి చేరింది. మా అయ్య పేపరు చదివించుకుని విన్నాడట. ఆ రాత్రి కేసెట్టు సౌండు పెంచి వేశాడు, బండ్ల షంటింగ్ లేకపోయినా. రెండేళ్లకే, 1992లో, పీపుల్స్ వార్‌ని నిషేధించారు. అట్ట మళ్లీ పనికొచ్చింది.

ఆ తర్వాతి గద్దర్ వేరే వ్యాసం. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలో ఆయన ఇంట్లోనే కాల్చారు, ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. (మా గోపాలపట్నం పక్కన కూడా ఒక వెంకటాపురం ఉంది. 2020 మే 7 తెల్లారుజామున అక్కడ విషగాలి వొచ్చిందని విని మేమంతా పరుగెత్తాం. వెంకటాపురం అన్న మాట వింటే మా అయ్య ఇప్పుడు ఏ వెంకటాపురం అని అడుగుతాడు.) సినిమా పాటలొచ్చాయి. 'ఒరేయ్ రిక్షా' పాటకి నంది అవార్డు ఇస్తే వొద్దన్నాడు. 2023 ఆగస్టు 6న పోయాడు. ఆగస్టు 6 చుండూరు రోజు కూడా, 1991లో అదే తేదీన ఎనిమిది మంది దళితుల్ని నరికారు. మర్నాడు ప్రభుత్వ లాంఛనాలతో, తను పెట్టిన మహాబోధి బడి ఆవరణలో సమాధి చేశారు. తెలంగాణ ప్రభుత్వం నంది అవార్డుల చోట గద్దర్ పేరు పెట్టి 2025లో సినిమావాళ్లకి పంచింది. తాను కాదన్న అవార్డుకి తన పేరే పెట్టారు. బ్రెజిల్‌లోనూ ఇలాగే, దేశం నుంచి తరిమిన జిల్‌ని 2003లో సాంస్కృతిక మంత్రిని చేశారు. రాజ్యానికి పాటగాడు ఎప్పుడు నచ్చుతాడో చూసుకుంటే చాలా అర్థమవుతుంది. నేను ఆ అవార్డుని తప్పనను. మన పేరు మైకులో వినబడటం మనకి మామూలు విషయం కాదు. ఆ గొంతు మాత్రం అప్పన్న అట్టలోదా, వేదిక మీదిదా అంటే, నాకు అప్పన్న అట్టలోదే నిజమైనది. దాని మీద ఎవరి సంతకం లేదు.

మా కేసెట్టు రెండో వైపు చివర పాటలు అయిపోయాక ఒక అర నిమిషం నిశ్శబ్దం. అప్పుడు హఠాత్తుగా, చెరగని పాత రికార్డింగు లేస్తుంది. హార్మోనియం, తాళాలు, సింహాద్రి అప్పన్న భజన. గద్దర్ కింద అప్పన్న అలాగే ఉండిపోయాడు. చిన్నప్పుడు ఆ చోట అందరం పగలబడి నవ్వేవాళ్లం. ఈ మధ్య నా దగ్గర చదివి పాలిటెక్నిక్‌లో చేరిన ఒక కుర్రాడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, హోరు తీసేసి, చివరి భజన కత్తిరించి ఇస్తానన్నాడు. ఎక్కించమన్నాను. కత్తిరించొద్దన్నాను. హోరు కూడా తియ్యొద్దంటే, మాస్టారికి పిచ్చి అనుకున్నాడు.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. చెప్పకపోయినా ఎవరూ అడగరు, కానీ అందరినీ 'నేను ఏదిరా' అని అడిగి నాది దాచుకుంటే బాగోదు.

నేను ఇదివరకు పనిచేసిన ఒక బడిలో ఏప్రిల్ 14 సభ. ఎనిమిదో తరగతి అమ్మాయి, మా వాడ పిల్లే, పాట పాడతానని వొచ్చింది. ఏం పాట అంటే గద్దర్ పాట ఎత్తుకుంది. ఫోన్లో నేర్చుకుందట. ఆగాల్సిన చోట ఆగుతోంది. నేను "ఆఁ" అనబోయాను. పక్కనున్న పెద్దాయన నా వైపు చూశారు. ఏమీ అనలేదు, ఉత్తినే చూశారు. ప్రభుత్వ ఉద్యోగం, మా వంశంలో మొదటి జీతం, ఇంటి లోను. "అమ్మా, ఇంకో పాట ఏదైనా చూడు" అన్నాను.

"ఈ పాట బాగోదా మాస్టారూ?" అంది.

"బాగుంటుంది" అన్నాను.

సభలో ఆమె పాఠ్యపుస్తకంలోని గేయం పాడింది. ఎక్కడా ఆగలేదు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.